పల్లె బ్రాడ్‌బ్యాండ్ ప్రణాళికలో విద్యార్థులు

దేశంలో తొలి మొబైల్ ఫోన్ సంభాషణ 1995 జూలై 31న నాటి కలకత్తాలోని రైటర్స్ బిల్డింగ్ నుంచి జరిగింది. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. మహానగరాలకు కంపెనీలు తామై వచ్చాయి. పల్లెలకు మాత్రం ప్రభుత్వమే తీగ వేయవలసి వచ్చింది.

ఆ ఉద్దేశంతో 2011లో మంజూరైన జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్కే నేటి భారత్‌నెట్. 2012లో దీనిని మూడు బ్లాకుల్లో ప్రయోగాత్మకంగా అమలు చేశారు. రాజస్థాన్‌లోని అరాయీ, త్రిపురలోని పానీసాగర్‌తో పాటు నాటి విశాఖ జిల్లాలోని పరవాడ కూడా వాటిలో ఉంది. అయితే ఆ తీగ పంచాయతీ కార్యాలయం వరకే. అక్కడి నుంచి బడికి, ఆరోగ్య ఉపకేంద్రానికి దూరమెంత? దారిలో విద్యుత్ స్తంభాలున్నాయా? కరెంటు ఎన్ని గంటలుంటుంది? సాయంత్రం కార్యాలయం తాళం ఎవరు తీస్తారు? ఇవి ఢిల్లీలో తేలే సంగతులు కావు. ఇంటర్నెట్ వేగం కన్నా ఆ తాళం సంగతే ఒక్కోసారి ముఖ్యం.

ఇక్కడే విద్యార్థులు అక్కరకు వస్తారు. 2014లో ఆరంభమైన ఉన్నత్ భారత్ అభియాన్ కింద ఉన్నత విద్యాసంస్థలు గ్రామాలను దత్తత తీసుకుంటాయి; విద్యార్థులు ఇంటింటి సర్వే చేసి గ్రామాభివృద్ధి ప్రణాళికకు తోడ్పడతారు. బ్రాడ్‌బ్యాండ్ అవసరాలను కూడా ఆ సర్వేతో పాటే నమోదు చేయవచ్చు.

2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం రూ.1,39,579 కోట్లతో సవరించిన భారత్‌నెట్‌ను ఆమోదించింది. ఇందులో పంచాయతీ కేంద్రాలు కాని సుమారు 3.8 లక్షల గ్రామాలకు కోరిన మీదటే కనెక్షన్ ఇస్తారు. కనుక గ్రామసభ తీర్మానానికి ముందే ఊరి చివరి వాడల ఇళ్లు విద్యార్థుల జాబితాలో చేరాయో లేదో చూసుకోవాలి.