బ్లాక్ హోల్‌కి, డార్క్ ఎనర్జీకి ముడి వేసిన మనిషి

"విశ్వం వ్యాకోచిస్తోంది అంటున్నారు కదా, మరి బ్లాక్ హోల్ కూడా సాగిపోతుందా? డార్క్ ఎనర్జీ దాన్ని చీల్చేస్తుందా?" ఇది తరచూ వినపడే ప్రశ్న. జవాబు ఈమధ్యే దొరికి ఉంటుందనుకుంటాం. కాదండీ, దాని లెక్క 1918 నాటిది. ఇవాళ ఆ కథ చెప్తాను.

అది మొదటి ప్రపంచ యుద్ధకాలం. జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ రష్యా వైపు సైన్యంలో ఉన్నాడు. 1915 నవంబర్‌లో ఐన్‌స్టీన్ తన గురుత్వ సమీకరణాలు ప్రకటించాడు. డిసెంబర్ 22 కల్లా ఈయన ఒక పరిష్కారం కనిపెట్టి ఆయనకి ఉత్తరం రాశాడు. గుండ్రటి వస్తువు చుట్టూ స్థలకాలాలు ఎలా వంగుతాయో చెప్పే లెక్క అది. బ్లాక్ హోల్‌కి పునాది అదే. కానీ 1916 మేలో, 42 ఏళ్ళకే, జబ్బుచేసి పోయాడు.

1917లో ఐన్‌స్టీన్ తన సమీకరణాలకి లాంబ్డా అనే స్థిరాంకం చేర్చాడు. ఎందుకంటే, విశ్వం తన ఆకర్షణకి తానే కూలిపోకుండా ఆపడానికి. అంటే అది తోసే గుణమన్నమాట.

ఒకటి లాగేది, ఒకటి తోసేది. రెండూ ఒకేచోట ఉంటే? 1918లో వియన్నాకి చెందిన ఫ్రీడ్రిష్ కాట్లర్ ఆ రెండింటినీ కలిపి పరిష్కారం రాశాడు.

అందులో ఏముందో చూడండి. దూరం పెరిగేకొద్దీ లాగుడు తగ్గుతుంది, తోపుడు పెరుగుతుంది. ఇప్పటి కొలతలు పెడితే, సూర్యుడంత ద్రవ్యరాశి ఉన్న బ్లాక్ హోల్ వ్యాసార్థం సుమారు 3 కిలోమీటర్లు. అదొక్కటే ఉందనుకుంటే, దాని లాగుడు, లాంబ్డా తోపుడు సమానమయ్యేది దాదాపు 350 కాంతి సంవత్సరాల దూరంలో! కాబట్టి బ్లాక్ హోల్ చిరిగిపోదు. దాని దగ్గర డార్క్ ఎనర్జీ ఆటలు సాగవు. ఇంకో సంగతి, ఈ లెక్కలో హద్దులు రెండు. లోపలిది బ్లాక్ హోల్ అంచు. బయటిది సుమారు 1,700 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటుంది. దాని అవతలి నుంచి వెలుగు ఎప్పటికీ మనకి చేరదు.

విశ్వం వ్యాకోచిస్తోందని 1929లో హబుల్ చూపించాక, 1931లో ఐన్‌స్టీన్ లాంబ్డాని వదిలేశాడు. కాట్లర్ లెక్క కూడా ఉత్త గణితంగా మిగిలిపోయింది. 1977లో గిబ్బన్స్, హాకింగ్ ఆ బయటి హద్దుకీ ఉష్ణోగ్రత ఉంటుందని చూపించారు. 1998లో సూపర్నోవాలని గమనించిన రెండు బృందాలు వ్యాకోచం వేగం పుంజుకుంటోందని ప్రకటించాయి. లాంబ్డా మళ్ళీ లోపలికొచ్చింది, ఈసారి డార్క్ ఎనర్జీ వేషంలో. ఇవాళ విశ్వంలోని శక్తిలో దాదాపు 70 శాతం దానిదే.

మరి కాట్లర్ ఏమయ్యాడు? 1938లో నాజీలు ఆస్ట్రియాని కలిపేసుకున్నాక, యూదు మూలాలున్నాయని ఆయన్ని వియన్నా విశ్వవిద్యాలయం నుంచి తీసేశారు. అమెరికా వెళ్ళి, రోచెస్టర్‌లో కోడాక్ పరిశోధనశాలలో పనిచేశాడు. ఆయన లెక్కని చాలాచోట్ల "ష్వార్జ్‌షిల్డ్–డి సిట్టర్" అంటారు. నేనూ చాన్నాళ్ళు ఆ పేరుతోనే చదివాను, అసలు రాసిందెవరో తెలియకుండానే.

ముందు ఉద్యోగం పోయింది, తర్వాత దేశం, ఆఖరికి లెక్క మీద పేరు కూడా. ఇకమీద ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే, జవాబుతోపాటు కాట్లర్ పేరు కూడా చెప్పండి. ఉంటాను మరి.