పక్కనే పత్తి మార్కెట్.. అయినా సుగ్గి బాట! ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో వలస ఎందుకు ఆగడం లేదు?

ఖరీఫ్ పనులు అయిపోగానే కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలో చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. ముసలివాళ్లను ఊళ్లో వదిలి, పిల్లాపాపలతో కుటుంబాలు గుంటూరు మిరప తోటలకు, తెలంగాణ పత్తి చేలకు, బెంగళూరులో బిల్డింగ్ పనులకు వెళ్లిపోతాయి. స్థానికంగా దీన్ని 'సుగ్గికి పోవడం' అంటారు. దగ్గర్లోనే రెండు పెద్ద పట్టణాలున్నా వీళ్లకు అక్కడ పని ఎందుకు దొరకడం లేదు?

ఎంత పెద్ద పట్టణాలు?
2011 లెక్కల ప్రకారం ఆదోని జనాభా 1.66 లక్షలు, ఎమ్మిగనూరు జనాభా దాదాపు 95 వేలు. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. ఆదోని మున్సిపాలిటీ 1865లోనే ఏర్పడింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది.

ఆదోని.. పత్తి ఉంది, పని సీజన్‌కే
చుట్టూ నల్లరేగడి నేలలు, ఊరి మీదుగా ముంబై–చెన్నై రైలు మార్గం. అందుకే ఇక్కడ పత్తి మార్కెట్, జిన్నింగ్ మిల్లులు, నూనె మిల్లులు పెరిగాయి. 'రెండో బొంబాయి' అనే పేరు కూడా వచ్చింది. కానీ జిన్నింగ్ పని పత్తి వచ్చే నెలల్లోనే ఉంటుంది. బేళ్లు కట్టిన దూదిలో ఎక్కువ భాగం బయటికి వెళ్తుంది. దాంతో పాటే దారం, బట్ట, రెడీమేడ్ దుస్తుల ఉద్యోగాలూ బయటే ఉంటాయి.

ఎమ్మిగనూరు.. మగ్గానికి గట్టి పోటీ
పద్మశ్రీ మాచాని సోమప్ప 1938లో ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. ఊరికి పేరు తెచ్చింది అదే. తర్వాత మిల్లు బట్ట, పవర్‌లూమ్‌ల ధరతో చేనేత పోటీ పడలేకపోయింది. పైగా ఎమ్మిగనూరుకు ఇప్పటికీ రైలు మార్గం లేదు.

తాగునీటికీ ఒకే కాల్వ
రెండు పట్టణాలకూ తుంగభద్ర దిగువ కాల్వే (ఎల్‌ఎల్‌సీ) ప్రధాన ఆధారం. కాల్వకు నీళ్లొచ్చినప్పుడు సమ్మర్ స్టోరేజ్ ట్యాంకులు నింపుకోవాలి, వేసవంతా ఆ నీళ్లతోనే సర్దుకోవాలి. ఆదోనికి బసాపురం ట్యాంకు నుంచి నీళ్లొస్తాయి.

ఈ కాల్వ కర్ణాటక దాటాకే కర్నూలు జిల్లాకు చేరుతుంది. పూడిక వల్ల డ్యామ్ సామర్థ్యం 133 టీఎంసీల నుంచి 105.78 టీఎంసీలకు తగ్గింది. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఇక్కడి రైతులు, పట్టణవాసులు ఇద్దరూ కంగారు పడ్డారు. కారణం ఇదే.

ఎక్కువ నష్టం పిల్లలకే
* తల్లిదండ్రులతో వెళ్లిన పిల్లలకు బడి మధ్యలోనే ఆగిపోతుంది.
* ఊళ్లో ఉండిపోయే పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. కుటుంబాలు బయల్దేరే లోపే అవి తెరుచుకోవాలి. ఆలస్యమైతే పిల్లలూ బండెక్కేస్తారు.
* వలస వెళ్లిన చోట కూడా రేషన్ కార్డుపై బియ్యం తీసుకోవచ్చు.

ఏం అడుగుతున్నారు?
గుండ్రేవుల రిజర్వాయర్, ఆర్డీఎస్ కుడి కాల్వ పశ్చిమ ప్రాంతం ఎప్పటి నుంచో అడుగుతున్నవే. రెండో పంటకు నీళ్లుంటే పల్లెలో పని ఉంటుంది. పత్తి ఇక్కడే బట్టగా మారితే పట్టణంలో పని ఉంటుంది. ఈ రెండూ లేనంత కాలం ఆదోని రైల్వే స్టేషన్ వీళ్లకు ఊరు దాటించే మెట్టు మాత్రమే.