దిగుమతులు - పని పోయిన కార్మికులు

నరసాపురమునకు చేరువను మాధవాయిపాలెమను ఊరు కలదు. ఆంగ్ల వర్తక కంపెనీవారు పదునేడవ శతాబ్దమున నచ్చట కోఠీ పెట్టి, చుట్టుపట్ల సాలెవారు నేసిన నూలు గుడ్డను కొని సీమకు పంపుచుండిరి. ఆ గుడ్డకు ఊరి పేరే చిక్కి 'మాడపొల్లాము' అయినది. పిమ్మట సీమలోని మిల్లులు ఆ రకపు గుడ్డను తామే నేసి, ఆ పేరుతోనే అమ్మసాగినవి. పేరు మిగిలినది, మన సీమలో అనేక మగ్గములు మూలబడినవి. మగ్గము పోయినవానికి నాటి దొరతనమువారు భృతి యిచ్చుట మాట అటుండగా, ఆడుచున్న మగ్గముపై మొహతర్ఫా పన్నును పందొమ్మిదవ శతాబ్దపు నడిమి వరకును వసూలు చేయుచునే యుండిరి.

పరదేశపు సరకు వచ్చి పడి పని పోయినపుడు ఆ నష్టము పనివాని తలవ్రాతయా, లేక ఆ సరకునకు తలుపు తెరచిన ప్రభుత్వము తీర్పవలసిన ఋణమా? ఋణమేయని చట్టమున వ్రాసికొన్న దేశము అమెరికా. వ్రాసిన మాట ఎట్లు నడచినదో నేడు మనవి చేసెదను.

ఈ యూహను గట్టిగా ముందునకు తెచ్చినవాడు ఉక్కు కార్మికుల సంఘాధ్యక్షుడు డేవిడ్ మెక్‌డోనాల్డు. 1953లో ఐసెన్‌హోవరు ప్రభుత్వము విదేశ వాణిజ్య విధానమును విచారించుటకు ఏర్పరచిన సంఘమున ఆయన యొక సభ్యుడు. ఆయన వాదము మనబోటివారికిని సుబోధమే. సుంకములు తగ్గినచో దేశమందరును చౌకగా సరకు కొందురు; నష్టము మాత్రము ఏదో యొక యూరి మిల్లువారి నెత్తిన పడును; కనుక అందరి సొమ్ములోనుండి వారిని నిలువబెట్టవలెను. తోడి సభ్యులలో అధికసంఖ్యాకులు దీనికి సమ్మతింపలేదు. ఎనిమిదేండ్లు గడచిన పిమ్మట అధ్యక్షుడైన కెనడీకి ఐరోపా దేశములతో సుంకములు తగ్గించుకొను బేరమునకు అధికారము కావలసివచ్చినది. కార్మిక సంఘముల మద్దతు లేక అది సాగదు. 1962 అక్టోబరు 11వ తేదీని ఆయన చేవ్రాలు చేసిన వాణిజ్య విస్తరణ చట్టమున ఈ సహాయము చోటు చేసికొన్నది.

వాగ్దానము చిన్నది కాదు. పని పోయినవానికి వెనుకటి వారపు కూలిలో నూటికి 65 వంతుల లెక్కను ఒక హద్దునకు లోబడి 52 వారములు భృతి. క్రొత్త పని నేర్పించుట. వేరొక యూరికి కాపురము మార్చుకొనువానికి ప్రయాణపు ఖర్చు. చదివినవారికి సంతోషము కలుగును.

చిక్కంతయు ఋజువులో నున్నది. దిగుమతి పెరుగుటకు ప్రధాన కారణము సుంకము తగ్గించుటయేయని చూపవలెను. తన పని పోవుటకు ప్రధాన కారణము ఆ దిగుమతియేయని మరల చూపవలెను. 'ప్రధానము' అనగా తక్కిన కారణములన్నియు కలిపినను దానికి తీసికట్టుగా నుండవలెనని సుంకముల సంఘమువారు అర్థము చెప్పిరి. పొలము మునిగిన రైతును పట్టుకొని, నీ చేను వాననీట కాక కాలువ గండివలననే మునిగెననియు, ఆ గండి ఫలానా యుద్యోగి యుత్తరువువలననే పడెననియు నిరూపింపుమన్నట్లు! ఫలితమేమి? 1969 నవంబరు వరకు, ఏడేండ్లపాటు, ఒక్క కార్మికుని అర్జీయైనను నెగ్గలేదు. ఇందు వంచన కంటె భయమే హెచ్చని నా తలంపు. తలుపు కొంచెము తెరచినచో పని పోయిన ప్రతివాడును లోనికి వచ్చునని వారి భయము. కాని ఆకలిగొన్నవానికి రెండును ఒక్కటే. చావు ఖర్చులకిచ్చు బీమాయని కార్మిక నాయకులు దీనిని ఎత్తిపొడిచిరి.

1974 నాటి చట్టము ఈ ముడిని సడలించినది. సుంకపు తగ్గింపుతో సంబంధము చూపనక్కరలేదు. దిగుమతులు ముఖ్యకారణములలో నొకటియైన చాలును. ముగ్గురు పనివారు కలిసి అర్జీ పెట్టుకొనవచ్చును. విచారణ కార్మికశాఖకు వచ్చినది. 1979లో చమురు ధర పెరుగగా జనులు చిన్న జపాను కార్లు కొనసాగిరి. అమెరికా మోటారు కర్మాగారములు వేలకొలది పనివారిని తొలగించినవి. 1980లో అయిదు లక్షలకు పైబడి కార్మికులు సాయము పొందిరి; వ్యయము సుమారు 160 కోట్ల డాలర్లు. వీరిలో పలువురు కొంతకాలమునకు పాత పనికే మరల పిలువబడిరి. విమర్శకులకు ఇది ఆయుధమైనది. 1981లో రీగను ప్రభుత్వము భృతిని సామాన్య నిరుద్యోగ భృతి మట్టునకు తగ్గించి, ఆ భృతి ముగిసిన పిమ్మటనే దీనిని ఇచ్చునట్లు కట్టడి చేసినది.

ఇక మన ప్రసక్తి. 2000 తరువాత అమెరికాలో కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారి పనులు కొన్ని బెంగుళూరు, హైదరాబాదు వంటి మన నగరములకు తరలినవి. అచ్చట పని పోయినవారు అర్జీ పెట్టగా కార్మికశాఖ త్రోసిపుచ్చినది. చట్టములో 'వస్తువు' అని యున్నది. పెట్టెలో పెట్టి రేవున దింపనిది వస్తువెట్లగునని వారి తర్కము. కోర్టులలో వ్యాజ్యములు నడచిన పిమ్మట 2006లో శాఖవారు ఆ పట్టు విడిచిరి. 2009 నాటి చట్టము సేవావృత్తులవారిని కూడ చేర్చినది. మాధవాయిపాలెపు సాలెవాని వంశజులెవరైనను ఈ కథ విన్నచో ఏమందురో!

పెద్దవయసువారి బాధను కనిపెట్టిన ఏర్పాటొకటి 2002లో వచ్చినది. ఏబది యేండ్లు దాటినవాడు బడిపిల్లవానివలె క్రొత్త విద్య నేర్చుట కష్టము. అట్టివాడు తక్కువ కూలికైనను పనిలో చేరినచో, పాత కూలికిని క్రొత్త కూలికిని గల తేడాలో సగము రెండేండ్లపాటు, మొత్తము 10,000 డాలర్లకు మించకుండ, ప్రభుత్వమిచ్చును. ఈ పథకమంతటిలో ఇంతకంటె తెలివైన ఏర్పాటు నాకు కానరాలేదు.

అయితే ఈ చట్టము ఎప్పటికప్పుడు గడువు పొడిగించుకొనుచు బ్రతికినది. 2022లో ఆ పొడిగింపు రాలేదు. ఆ సంవత్సరము జూలై 1వ తేదీనుండి కార్మికశాఖవారు క్రొత్త అర్జీలపై విచారణ నిలిపివేసిరి. అంతకు ముందే అర్హత పొందినవారికి సాయము సాగినది. అప్పటికి అందియు తీర్పు రాని అర్జీలు తీర్పు లేకయే నిలిచిపోయినవి.