రాజ్‌నంద్‌గావ్ బ్యాటరీ కేంద్రం: మధ్యాహ్నపు విద్యుత్తు సాయంత్రానికి

రాయ్‌పుర్ నుంచి పశ్చిమ దిశగా సాగే హౌరా–ముంబయి రైలుమార్గం కుమ్హారి, భిలాయి, దుర్గ్ మీదుగా రాజ్‌నంద్‌గావ్ చేరుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని ఈ రాజ్‌నంద్‌గావ్ వద్ద భారత సౌరశక్తి సంస్థ ‘సెకి’ నెలకొల్పిన సౌరవిద్యుత్ కేంద్రాన్ని 2024 ఫిబ్రవరి 24న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ జాతికి అంకితం చేశారు. సుమారు 900 కోట్ల రూపాయల వ్యయంతో నిర్మించిన ఈ కేంద్రం గ్రిడ్‌కు 100 మెగావాట్ల విద్యుత్తును అందించగలదు. అయితే దీని ప్రత్యేకత సౌర ఫలకాలలో లేదు, వాటి పక్కనే అమర్చిన బ్యాటరీలలో ఉంది. సౌరశక్తితో నిండే బ్యాటరీ వ్యవస్థలలో, ప్రారంభమైన నాటికి, దేశంలోకెల్లా పెద్దది ఇదే.

కుమ్హారి, భిలాయి ప్రాంతానికి విద్యుత్తు కొరత పాత సమస్య కాదు. బొగ్గు నిక్షేపాలున్న కోర్బా ఈ రాష్ట్రంలోనిదే. అక్కడి ఎన్‌టీపీసీ కేంద్రం ఒక్కటే 2,600 మెగావాట్లు. ఇప్పటి చిక్కు వేళలకు సంబంధించినది. సౌరవిద్యుత్తు మధ్యాహ్నం పుష్కలంగా లభిస్తుంది. ఇళ్లలో దీపాలు, ఫ్యాన్లు, కూలర్లు ఒక్కసారిగా పనిచేసే సాయంత్రానికి ఆ ఉత్పత్తి పడిపోతుంది. ఆ లోటు పూడ్చే భారం మళ్లీ బొగ్గు మీదనే పడుతుంది. మధ్యాహ్నం మిగిలినదాన్ని దాచలేకపోతే ఫలకాలు ఎన్ని పెంచినా సాయంత్రపు బొగ్గు తగ్గదు.

రాజ్‌నంద్‌గావ్ బ్యాటరీల సామర్థ్యం 40 మెగావాట్లు, 120 మెగావాట్ గంటలు. ఈ రెండు అంకెలను కలిపి చదవాలి. మొదటిది విద్యుత్తు ఎంత వేగంగా బయటికి రాగలదో చెబుతుంది, రెండవది మొత్తం ఎంత నిల్వ ఉందో చెబుతుంది. అంటే 40 మెగావాట్ల చొప్పున మూడు గంటలు, లేదా 1,20,000 యూనిట్లు. కేంద్రం ఏడాదికి సుమారు 24.35 కోట్ల యూనిట్లు ఉత్పత్తి చేస్తుందని అంచనా. రోజుకు సగటున 6.67 లక్షల యూనిట్లు. అందులో బ్యాటరీలో పట్టేది ఐదో వంతు కన్నా తక్కువ. ‘దేశంలోకెల్లా పెద్దది’ అన్న మాటను ఈ లెక్క పక్కన పెట్టి చూడడం మేలు.

సౌర ఫలకాల నుంచి వచ్చేది ఏకముఖ విద్యుత్తు. బ్యాటరీలో అది రసాయన శక్తి రూపంలో నిల్వ అయి, మళ్లీ ఏకముఖ విద్యుత్తుగానే బయటికి వస్తుంది. గ్రిడ్‌లోకి పంపేటప్పుడు ఇన్వర్టర్లు దాన్ని ఏకాంతర విద్యుత్తుగా మారుస్తాయి. నింపి, తీసే క్రమంలో కొంత విద్యుత్తు వేడిగా పోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ నిల్వ సామర్థ్యం కూడా తరుగుతుంది. భద్రత మరొక అంశం. 2025 జనవరిలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం మాస్ ల్యాండింగ్‌లో ఒకే భవనంలో ఉంచిన 300 మెగావాట్ల లిథియం బ్యాటరీలకు నిప్పంటుకోగా, వెయ్యి మందికి పైగా ఇళ్లు ఖాళీ చేయవలసి వచ్చింది. బ్యాటరీలను ఆరుబయట, విడివిడి కంటైనర్లలో, ఎడం వదిలి అమర్చడానికి ఇటువంటి ప్రమాదాల భయమే కారణం.

బ్యాటరీ గంటల అవసరాన్ని తీరుస్తుంది, రోజుల అవసరాన్ని కాదు. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన భిలాయి ఉక్కు కర్మాగారానికి రాత్రింబవళ్లు విద్యుత్తు ఉండాలి. మేఘావృతమైన వర్షాకాలపు వారాన్ని మూడు గంటల నిల్వతో దాటడం అసాధ్యం.

ఎక్కువ పరిమాణంలో, ఎక్కువ సేపు నిల్వకు ఇంతకాలం ఆధారం నీరే. విద్యుత్తు మిగిలినప్పుడు దిగువ జలాశయం నుంచి నీటిని ఎగువకు తోడి, అవసరమైనప్పుడు తిరిగి టర్బైన్ల మీదుగా వదిలే ఈ పద్ధతి తెలుగు నేలకు కొత్త కాదు. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్కేంద్రంలో ఏడు యంత్రాలు, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు, ఇలా రెండు విధాలా పనిచేసేవే. అయితే సాగునీటి జలాశయంలో ఎప్పుడు ఎంత నీరు తోడాలన్నది విద్యుత్ అవసరం ఒక్కటే నిర్ణయించదు. నంద్యాల జిల్లా పిన్నాపురం వద్ద గ్రీన్‌కో సంస్థ చేపట్టిన 1,680 మెగావాట్ల పథకం అందుకే నదీ ప్రవాహానికి దూరంగా రూపుదిద్దుకుంది. గోరకల్లు జలాశయం నుంచి తెచ్చిన నీటినే రెండు ప్రత్యేక జలాశయాల మధ్య తిప్పుతారు, ఆవిరయ్యే మేరకు మాత్రమే మళ్లీ నింపుకోవాలి. ఇటువంటి పథకాలకు కొండ, లోయ, నీరు ఒకేచోట కుదరాలి, నిర్మాణానికి ఏళ్లు పడుతుంది. కుమ్హారి చుట్టూ ఉన్న మైదానంలో ఆ అవకాశం లేదు. అక్కడ వేగంగా నిలబెట్టగలిగేది బ్యాటరీయే.

ధర కూడా బ్యాటరీ వైపే మొగ్గుతోంది. 2022లో సెకి పిలిచిన టెండరులో రెండు గంటల నిల్వకు మెగావాట్‌కు నెలకు 10.84 లక్షల రూపాయల అద్దె ఖరారైంది. ఆ తరువాతి టెండర్లలో అది అందులో సగానికన్నా దిగువకు పడిపోయింది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో వెలువరించిన జాతీయ ప్రణాళిక ప్రకారం 2031–32 నాటికి దేశానికి సుమారు 411 గిగావాట్ గంటల నిల్వ కావాలి. అందులో 236 బ్యాటరీల నుంచి, 175 పంప్డ్ స్టోరేజీ నుంచి. రాజ్‌నంద్‌గావ్ వాటా 0.12.