అకాల వానలు కావు.. ఏటా వచ్చేవే!
దాళ్వా కోతల వేళ ఉరుములు, ఈదురుగాలులు
వాతావరణ ప్రకటనల భాష తెలిస్తే పంటకు కొంత రక్షణ

ఉంగుటూరు: దాళ్వా వరి కోతకు వచ్చే రోజులు, ఉరుములతో కూడిన వానలు కురిసే రోజులు గోదావరి డెల్టాలో దాదాపు ఒక్కటే. మార్చి నుంచి మే వరకు గల కాలాన్ని వాతావరణ శాఖ రుతుపవనాలకు ముందు కాలంగా వ్యవహరిస్తుంది. ఈ మూడు నెలల్లో కురిసే వానలను రైతులు అకాల వర్షాలంటారు. పేరుకు అకాలమే గాని, ఎంతో కొంత ఏటా కురిసేవే. ఏలూరు కాలువకు ఎగువన మెట్ట, దిగువన డెల్టా, ఆ దిగువన కొల్లేరు ఉన్న ఉంగుటూరు, తాడేపల్లిగూడెం, భీమడోలు ప్రాంతాల్లో ఒకే గాలివాన మూడు జీవనాధారాలను తాకుతుంది. కళ్లాల్లోని ధాన్యం, మెట్టలోని మామిడి, కొల్లేటి చేపల చెరువులు మూడూ దాని దారిలోనే ఉంటాయి.

వాన ఎలా పుడుతుంది?

శీతల దేశాల్లో చల్లని, వెచ్చని గాలుల సరిహద్దులు వందల కిలోమీటర్ల పొడవున కదులుతూ వాన తెస్తాయి. కోస్తాలో అటువంటి సరిహద్దులు ఏర్పడవు. ఇక్కడ ఆ పాత్ర ద్రోణిది. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి, తెలంగాణ వైపు నుంచి వీచే పొడిగాలి ఒకదానికొకటి ఎదురుపడే చోట ద్రోణి గాని, గాలి విచ్ఛిన్నతి గాని ఏర్పడుతుంది. మధ్యాహ్నపు ఎండకు వేడెక్కిన గాలి ఆ తేమతో పైకి లేచి, పది కిలోమీటర్లకు మించిన ఎత్తుకు క్యుములోనింబస్ మేఘంగా పెరుగుతుంది. అందుకే ఈ వానలు ఎక్కువగా మధ్యాహ్నం దాటాక, సాయంత్రం వేళ కురుస్తాయి.

మేఘంలోని చినుకులు ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తాయి. చల్లబడి బరువెక్కిన ఆ గాలి నేలకు దిగి నలుదిక్కులా పరుచుకుంటుంది. వానకు ముందే వచ్చే ఈదురుగాలి ఇదే. ఉక్కపోతలో ఒక్కసారిగా చల్లగాలి తగిలితే, టార్పాలిన్లు సర్దుకోవడానికి మిగిలిన సమయం నిమిషాల్లోనే అని గ్రహించాలి.

ప్రకటనల్లో మాటలకు అర్థం

వాతావరణ శాఖ వాడే ప్రతి మాటకు ఒక కొలత ఉంది. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడవచ్చని అర్థం. ‘కొన్ని చోట్ల’ అంటే సగం వరకు, ‘అనేక చోట్ల’ అంటే ముప్పావు వంతు వరకు అని తెలుసుకోవాలి. 24 గంటల్లో 15.5 మిల్లీమీటర్ల వరకు పడితే తేలికపాటి వాన, 64.4 వరకు మోస్తరు, 64.5 నుంచి 115.5 వరకు భారీ వర్షం. రంగుల్లో పసుపు గమనిస్తూ ఉండమని, నారింజ సిద్ధంగా ఉండమని, ఎరుపు వెంటనే చర్య తీసుకోమని చెబుతాయి.

ఒక్కొక్క ఉరుముల మేఘం విస్తీర్ణం కొన్ని కిలోమీటర్లే. తాడేపల్లిగూడెంలో జోరున కురిసిన వాన ఉంగుటూరులో చినుకైనా రాల్చకపోవచ్చు. రెండు మూడు రోజుల ముందు వచ్చే అంచనా జిల్లాకు వర్తిస్తుందే గాని ఊరికి కాదు. ఊరికి దగ్గరగా చెప్పగలిగేది రాడార్ ఆధారంగా వెలువడే మూడు గంటల తక్షణ హెచ్చరిక. మచిలీపట్నంలోని డాప్లర్ రాడార్ ఈ ప్రాంతంపై మేఘాల కదలికను చూపుతుంది. ముందస్తు అంచనాను బట్టి కోత తేదీని, తక్షణ హెచ్చరికను బట్టి ఆరబోతను నిర్ణయించుకోవడం మేలు.

గత అనుభవాలు

2018 ఏప్రిల్ 24న రాష్ట్రంలో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదయ్యాయి. అంతకుముందు ఏడాది మే నెల మొత్తంలో నమోదైనవి సుమారు 30 వేలే. 2023 ఏప్రిల్ నెలాఖరు, మే మొదటి వారంలో కురిసిన వానలకు కోస్తా జిల్లాల్లో వరి, మొక్కజొన్న తడిసిపోయాయి.

మే నెలలో తుపాన్ల ముప్పు కూడా ఉంటుంది. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం వద్ద తీరం దాటిన పెనుతుపాను కోస్తాను అతలాకుతలం చేసింది. 2010 మే 20న లైలా బాపట్ల వద్ద తీరం దాటింది. 2022 మే 11న అసని బలహీనపడి మచిలీపట్నం, నరసాపురం మధ్య తీరాన్ని చేరింది. తుపానుకు కొన్ని రోజుల ముందే హెచ్చరిక అందుతుంది. గాలివానకు అంత వ్యవధి ఉండదు.

ధాన్యం తడిస్తే..

మద్దతు ధరకు కొనుగోలు చేసే ధాన్యంలో తేమ 17 శాతం మించరాదు. రంగు మారిన, దెబ్బతిన్న, మొలకెత్తిన గింజలు కలిపి 5 శాతానికి లోబడి ఉండాలి. యంత్రంతో కోసిన ధాన్యంలో తేమ ఎక్కువ. అందుకే కళ్లాల్లోనూ రోడ్ల అంచుల్లోనూ ఆరబోస్తారు. ఆరబోసిన ఆ కొద్ది రోజులే రైతుకు గండం. ఒక్క జల్లు పడినా ఆరబోత మళ్లీ మొదటికి వస్తుంది.

కోతకు వారం, పది రోజుల ముందే చేలో నీరు తీసివేయాలి. పడిపోయిన చేలో నిలిచిన నీటిని మురుగు కాలువలోకి వదలాలి. ఆ కాలువలో గుర్రపుడెక్క పేరుకుపోతే నీరు కదలదు కనుక ముందే తొలగించుకోవాలి. తడిసిన పనలపై లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి పిచికారీ చేస్తే మొలక రాకుండా ఆపవచ్చు. నూర్చిన ధాన్యం తడిస్తే క్వింటాలుకు కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోగు పెట్టి, ఎండ రాగానే ఆరబెట్టి తూర్పారబట్టాలి.

తోటలు, చెరువులు

మెట్టలో మామిడికి చిన్నపాటి జల్లు మేలు చేస్తుంది. ఈదురుగాలి మాత్రం కాయను రాలుస్తుంది, గెల వేసిన అరటిని పడగొడుతుంది. అరటికి వెదురు ఊతం ముందే కట్టుకోవాలి. పక్వానికి వచ్చిన మామిడిని హెచ్చరిక వెలువడిన వెంటనే కోసుకోవడం మంచిది.

చెరువుల్లో ప్రమాదం వేరు. మబ్బు పట్టిన రోజు నీటిలో ప్రాణవాయువు సరిగా తయారుకాదు. మరునాడు తెల్లవారుజామున బొచ్చె, శీలావతి నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. అటువంటి రోజుల్లో మేత ఆపి, ఏరియేటర్లు తిప్పాలి. గాలివానకు కరెంటు పోయే అవకాశం ఉన్నందున జనరేటరును సిద్ధంగా ఉంచుకోవాలి.

పిడుగుల వేళ

మెరుపు కనిపించాక ఉరుము వినిపించడానికి మూడు సెకన్లు పడితే పిడుగు సుమారు కిలోమీటరు దూరంలో పడినట్లు. 30 సెకన్ల లోపు వినిపిస్తే పొలం వదిలి పక్కా భవనంలోకి చేరాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట వరకు బయటకు రారాదు. తాటి, కొబ్బరి చెట్ల కింద, విద్యుత్ స్తంభాల పక్కన, గట్టు మీద నిలబడరాదు. చెరువులో ఉన్నవారు వెంటనే ఒడ్డుకు చేరి ఆశ్రయం పొందాలి. ఆశ్రయం దొరకనప్పుడు నేలపై పడుకోక, పాదాలు దగ్గరగా చేర్చి ముడుచుకుని కూర్చోవాలి.

పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన ‘దామిని’ యాప్ పరిసరాల్లోని పిడుగుల సమాచారాన్ని ఫోనుకు అందిస్తుంది. అత్యవసర సహాయానికి 112, విపత్తుల నిర్వహణ సంస్థ కంట్రోల్ రూముకు 1070, 1800 425 0101 నంబర్లు ఉన్నాయి.