యండమూరి వీరేంద్రనాథ్ భయానక నవలలు

యండమూరి వీరేంద్రనాథ్ ప్రముఖ తెలుగు నవలా రచయిత. ఎం.ఆర్.జేమ్స్, జేమ్స్ హెర్బర్ట్ మొదలైన బ్రిటిషు రచయితలు ఆంగ్లంలో పెంచిన భయానక కల్పన వంటి దానిని తెలుగు వారపత్రికల ద్వారా ఇంటింటికీ చేర్చినవారిలో ఈయన ముఖ్యుడు. తెలుగులో ఈ తరహా రచనలను "క్షుద్ర సాహిత్యం" అంటారు. ఆ పేరులోనే కొంత నింద ఉన్నది.

జీవితం

ఈయన 1948 నవంబరు 14న తూర్పు గోదావరి జిల్లా రాజోలులో జన్మించాడు. ఛార్టర్డ్ అకౌంటెంటు. రాష్ట్ర ఆర్థిక సంస్థలోను, ఆంధ్రా బ్యాంకులోను ఉద్యోగం చేసి, తరువాత పూర్తికాల రచయిత అయ్యాడు.

తులసిదళం

ఈయనకు విశేషమైన పేరు తెచ్చిన తులసిదళం 1980ల ఆరంభంలో ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వెలువడింది. తులసి అను చిన్నపిల్లపై జరిగిన చేతబడి ఇందులోని కథ. పిల్లను బ్రతికించుటకు ఒకవైపు వైద్యులు, మరొకవైపు మంత్రగాళ్ళు పోరాడుతారు. వ్యాధికి శాస్త్రీయ కారణము, క్షుద్రశక్తి రెండూ చివరివరకు సమానంగా నడుచుట ఈ నవలలోని నేర్పు. వివాదానికి మూలం కూడా అదే. దీనికి కొనసాగింపు తులసి. కాష్మోరా చలనచిత్రం 1986లో విడుదలైంది.

విమర్శ

చేతబడిని నిజమని నమ్మించే రచన సమాజానికి హానికరమని హేతువాదులు ఆక్షేపించారు. రంగనాయకమ్మ "తులసిదళం కాదు గంజాయి దమ్ము" అనే విమర్శ గ్రంథం వ్రాసింది.

ఈ ఆక్షేపణ కేవలం సాహిత్య చర్చ కాదు. పట్టణ పాఠకునికి చేతబడి ఒక వారం ఉత్కంఠ మాత్రమే. జి.మాడుగుల, పాడేరు మొదలైన మండలాలున్న విశాఖ మన్యంలో (2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లా) దానికి "చిల్లంగి" అని పేరు. ఊరిలో జ్వరమో మరణమో సంభవించినపుడు ఎవరో చిల్లంగి పెట్టారని అనుమానించుట, అనుమానితులను వెలివేయుట, కొట్టుట, చంపుట కూడా అక్కడ జరిగాయి. ఆసుపత్రి దూరమైనచోట అనుమానమే ముందుగా చేరుతుంది. పొరుగునున్న ఒడిషా ఇటువంటి వేధింపులపై 2013లో ప్రత్యేక చట్టం చేసింది. ఈ నమ్మకం నవలలకంటే ఎంతో పాతది కనుక దానికి రచయితను బాధ్యునిగా చేయుట న్యాయం కాదు. అయితే చదువుకున్నవారిలో ఆ నమ్మకానికి నవల గౌరవం కల్పించిందన్న విమర్శ త్రోసివేయదగినది కాదు.

ఇతర రచనలు

అభిలాష, వెన్నెల్లో ఆడపిల్ల, ఆనందోబ్రహ్మ, అంతర్ముఖం ఈయన ఇతర నవలలు. అభిలాష 1983లో చిరంజీవి కథానాయకుడుగా చలనచిత్రమైంది. వ్యక్తిత్వ వికాసంపై వ్రాసిన "విజయానికి ఐదు మెట్లు" కూడా బహుళ ప్రచారం పొందింది.