గీత ఎటు వాలాలి?

నెల్లూరు దాటి చెన్నై వైపు జాతీయ రహదారి పట్టుకుంటే కాసేపట్లోనే వెంకటాచలం వస్తుంది. కృష్ణపట్నం రేవుకు రైలు మార్గం చీలేది ఇక్కడే. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉన్న కాకుటూరు, రాధాకృష్ణన్ ఇంటిపేరుగా దేశమంతా ఎరిగిన సర్వేపల్లి ఈ మండలంలోవే. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా దక్కాక మైసూరులో మొదలైన విశిష్ట అధ్యయన కేంద్రం 2020 జనవరిలో వచ్చి చేరింది కూడా వెంకటాచలానికే. ఊరి పేరు మనకు ఐదక్షరాలు. అదే పేరు వెబ్ చిరునామాలో ఉండి, ఆ చిరునామాను కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే చాలాసార్లు 81 గుర్తుల గొలుసుగా మారిపోతుంది. అన్నీ శాతం గుర్తులు, అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు. ఊరి జాడ మచ్చుకైనా కనబడదు.

లెక్క చూస్తే తికమకేమీ లేదు. కంప్యూటరు ‘వెం’ అనే అక్షరాన్ని వ, ఎత్వం, సున్నా అని మూడు ముక్కలుగా దాచుకుంటుంది. అలా వెంకటాచలంలో 9 ముక్కలున్నాయి. ఒక్కో తెలుగు ముక్కకు మూడు బైట్లు. ఒక్కో బైటును చిరునామాలో శాతం గుర్తు, దాని పక్కన రెండు గుర్తులతో రాయాలి. మొత్తం 81. వెబ్ చిరునామా నియమాలు రాసినవాళ్లు కొద్దిపాటి రోమన్ అక్షరాలు, అంకెలు, కొన్ని చిహ్నాలే నేరుగా రావచ్చన్నారు. మిగతా ప్రపంచమంతా ఈ వేషంలోనే లోపలికి వెళ్లాలి.

ఆ కొద్దిపాటి చిహ్నాల్లో అన్నిటికన్నా ఎక్కువ బరువు మోసేది ఏటవాలు గీత, స్లాష్. దాని చరిత్రలో సగం పట్టుదల, సగం పొరపాటు.

ఫోల్డరులో ఫోల్డరు, అందులో ఫైలు అనే ఏర్పాటు 1960లలో మల్టిక్స్ అనే పెద్ద కంప్యూటర్ వ్యవస్థతో స్థిరపడింది. అక్కడ దారి చూపే గుర్తు బాణం మొన (>). అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ కట్టినప్పుడు ఆ స్థానంలో స్లాష్ పెట్టారు. 1971 నవంబరు 3 తేదీతో వచ్చిన తొలి యూనిక్స్ మాన్యువల్ నాటికే ఆ అలవాటు ఉంది. డిజిటల్ అనే కంపెనీ తెచ్చిన వీఎంఎస్ వ్యవస్థలో ఫోల్డర్లు చదరపు బ్రాకెట్లలో, చుక్కలతో విడిపోయేవి. పాత మ్యాకింటాష్‌లో కోలన్. దానిమీద ఫైలు పేరులోనే స్లాష్ పెట్టుకోవచ్చు, తేదీని 12/5 అని దర్జాగా రాసుకోవచ్చు. ఇవాళ మన ఆఫీసుల్లో విండోస్ మీద అలా రాయబోతే కంప్యూటరు ఒప్పుకోదు.

విండోస్ గీత మాత్రం ఎదురు దిక్కుకు వాలింది. దాని పూర్వీకుడు, 1981 ఆగస్టులో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్‌లో ఫోల్డర్లే లేవు. ఉన్న ఫైళ్లన్నీ ఒకే గంపలో. కానీ ఆదేశాల వెనక ఐచ్ఛికాలు చేర్చడానికి స్లాష్ వాడే పద్ధతి అప్పటికే అందులో ఉంది. అది డిజిటల్ కంపెనీ పాత యంత్రాల నుంచి వచ్చిన అలవాటు. 1983లో హార్డ్ డిస్కుతో ఐబీఎం ఎక్స్‌టీ వచ్చాక డాస్ 2.0లో ఫోల్డర్లు పెట్టాల్సి వచ్చింది. యూనిక్స్‌లాగే స్లాష్ వాడదామంటే ఆ గుర్తు ఖాళీగా లేదు. పక్కనున్న బ్యాక్‌స్లాష్‌ను తీసుకున్నారు. ఆ గీతను 1961లో బాబ్ బీమర్ అనే ఐబీఎం ఇంజనీరు ప్రామాణిక గుర్తుల పట్టికలోకి తెచ్చాడు. రెండు గీతలను ఎదురెదురుగా ఆనిస్తే అల్గాల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ‘మరియు’, ‘లేదా’ చిహ్నాలు వస్తాయని అతని ఆలోచన. దానికి ఫైళ్లతో సంబంధమే లేదు. విచిత్రమేమంటే డాస్ లోపలి యంత్రాంగం మొదటినుంచీ రెండు గీతలనూ ఒప్పుకునేది. తెరమీద మనిషి టైపు చేసేచోటే పట్టింపు. నలభై ఏళ్లుగా కోట్లమంది వేళ్లు కీబోర్డు మీద వెతుక్కుంటున్న గీతకు కారణం ఇంతే!

1990లో జెనీవా దగ్గరి సెర్న్‌లో టిమ్ బెర్నర్స్‌లీ వెబ్‌ను తయారుచేసింది నెక్స్ట్ కంప్యూటరు మీద. అది యూనిక్స్ కుటుంబానిది. కనుక చిరునామాలోకి వాలింది యూనిక్స్ గీతే. మొదట్లో వచ్చే జంట గీతలను అపోలో కంపెనీ నెట్‌వర్క్ పద్ధతి నుంచి తెచ్చుకున్నాడు. అవి అసలు అక్కర్లేదని 2009లో ఆయనే ఒప్పుకున్నాడు.

చిరునామా వరసలోనూ ఒక వింత ఉంది. పూజలో సంకల్పం చెప్పుకునేటప్పుడు జంబూద్వీపం దగ్గర మొదలుపెట్టి, భరతవర్షం, భరతఖండం, మేరువుకు దక్షిణం, శ్రీశైలానికి ఫలానా దిక్కు అంటూ దిగి దిగి మనం పీట వేసుకున్న ఇంటికి చేరతాం. ఉత్తరం కవరు మీదైతే మనిషి పేరు ముందు, జిల్లా చివర. వెబ్ చిరునామా సగం కవరు, సగం సంకల్పం. జంట గీతల తర్వాత మొదటి స్లాష్ వరకు ఉండే సైటు పేరు చిన్నదాని నుంచి పెద్దదానికి పోతుంది, ఆ తర్వాతి దారి పెద్దదాని నుంచి చిన్నదానికి. మళ్లీ అవకాశమొస్తే మొత్తం సంకల్పం వరసలోనే పెట్టేవాణ్ణని బెర్నర్స్‌లీ అన్నాడు. సంకల్పం అనే మాట ఆయన ఎరగడనుకోండి.

1994 జూన్‌లో ఆయన రాసిన నియమాల పత్రంలో నాకు బాగా నచ్చే వాక్యం ఒకటుంది. ఈ గీతలు యూనిక్స్ ఫైళ్ల దారుల్లా కనబడటం కేవలం యాదృచ్ఛికమని, చిరునామాను ఫైలు పేరుగా అర్థం చేసుకోవద్దని దాని సారాంశం. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన మరో పత్రం వీఎంఎస్ బ్రాకెట్ల దారిని తీసుకుని, స్లాష్‌ల దారిగా మార్చి చూపించింది. అంటే లోపల ఏ వ్యవస్థ ఉన్నా బయటికి ఒకే రూపం. డిస్కు సంగతి సర్వరు చూసుకుంటుంది. చిరునామా పేరు మాత్రమే.

జనం ఎవరు వింటారు? ఫోల్డరును ఉన్నదున్నట్టు సర్వరు మీద పెడితే చిరునామా దానంతటదే పుట్టేస్తుంది. విండోస్ మీద తయారైన సైటులో ఫైలు పేరు పెద్ద అక్షరంతో ఉండి, లింకులో చిన్న అక్షరం రాసినా ఇంట్లో బొమ్మ కనబడుతుంది. లైనక్స్ సర్వరు మీదికి వెళ్లగానే మాయం. అక్కడ పెద్ద, చిన్న అక్షరాలు వేరువేరు. ఈ బాధ తెలుగు పేర్లకు లేదు, మనకు పెద్దబడి చిన్నబడి లేవు. బదులుగా వేరే బాధలున్నాయి.

లైనక్స్‌లో ఒక ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగులో అది 85 ముక్కలు. ‘శ్రీ’ ఒక్కటే నాలుగు ముక్కలు, 12 బైట్లు. పాత పుస్తకాల సమాసాల పేర్లకు రచయిత బిరుదులు కూడా తగిలిస్తే గీత దాటిపోతుంది. విండోస్ ముక్కలను లెక్కపెడుతుంది కాబట్టి అక్కడ పట్టిన పేరు ఇక్కడ పట్టదు.

ఇంకా సూక్ష్మమైనది ఐత్వం. నెల్లూరు దగ్గర మైపాడు బీచ్ ఉంది కదా. ‘మై’లోని ఐత్వాన్ని ఒకే ముక్కగా రాయవచ్చు, లేదా పైన ఎత్వం, కింద వంపు అని రెండు ముక్కలుగానూ రాయవచ్చని యూనికోడ్ చెబుతుంది. తెలుగులో ఇలా విడిపోయే ఏకైక చిహ్నం ఇదే. 1998లో ఆపిల్ తెచ్చిన హెచ్ఎఫ్ఎస్ ప్లస్ అనే ఫైళ్ల వ్యవస్థ ప్రతి పేరునూ విడగొట్టే దాచుకునేది. విండోస్, లైనక్స్ ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు ఉంచుతాయి. కనుక పాత మ్యాక్ మీద ‘మైపాడు’ అని పేరు పెట్టిన ఫొటో లైనక్స్ సర్వరుకు వెళ్తే 7 ముక్కలు, 63 గుర్తుల చిరునామా. విండోస్ మీద టైపు చేసిన లింకులో 6 ముక్కలు, 54 గుర్తులు. కంటికి రెండూ ఒకటే, సర్వరుకు కాదు. పేజీ దొరకలేదని జవాబొస్తుంది. చెన్నై, హైదరాబాద్, రైలు, అన్నిటికీ ఇదే గతి. వెంకటాచలం అదృష్టం, అందులో ఐత్వం లేదు. 2017లో ఆపిల్ తెచ్చిన కొత్త వ్యవస్థ పేరును ఇచ్చిన రూపంలోనే ఉంచి, రెండు రూపాలనూ ఒకటిగా గుర్తుపడుతోంది.

ఇవన్నీ ఒక ఎత్తు. తెలుగు పాఠకులు నిజంగా దెబ్బతిన్నది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా విషయంలో. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి పది లక్షల పుస్తకాలు స్కాన్ చేయాలని తలపెట్టిన పథకంలో అది మన దేశపు భాగం. బెంగళూరు ఐఐఎస్సీ, హైదరాబాద్ ఐఐఐటీ లాంటి సంస్థలు భుజాన వేసుకున్నాయి. గ్రంథాలయాల అటకల మీద పొడి అయిపోతున్న వేల తెలుగు పుస్తకాలు ఇంట్లో తెరమీద కనబడ్డాయి. ఆ మేలు మరువరానిది.

చిరునామాలు మాత్రం యాదృచ్ఛికమన్న దాన్నే నియమంగా తీసుకున్నట్టుండేవి. ఏ డిస్కు, ఏ అప్‌లోడ్ ఫోల్డరు, దాని కింద ఏ నాలుగంకెల సంచి, అన్నీ లింకులోనే. పుస్తకం పేరు లేదు, రచయిత పేరు లేదు. పేజీకో టిఫ్ బొమ్మ, వాటికి ఎనిమిదంకెల వరస సంఖ్యలు. ఏడు సున్నాల తర్వాత 1 అంటే మొదటి పేజీ. మూడు వందల పేజీల పుస్తకం కావాలంటే మూడు వందల బొమ్మలు. ఆ వరస చూసి, అంకె పెంచుకుంటూ పోయి పేజీలన్నీ దింపే ప్రోగ్రాములు రాసుకున్నవాళ్లున్నారు. డిస్కు దారి బయటపడటం వల్ల వచ్చిన ఒకే ఒక్క లాభం అది.

నష్టం డిస్కులు మారినప్పుడు తెలిసింది. సైటు ఒక చిరునామా నుంచి మరోదానికి మారింది, ఫోల్డర్లు కదిలాయి. పుస్తకాభిమానులు ఏళ్ల తరబడి ఓపిగ్గా కూర్చిన లింకుల జాబితాలు చెల్లని కాగితాలయ్యాయి. మంచి చిరునామాలు మారవని బెర్నర్స్‌లీ 1998లోనే వ్యాసం రాశాడు. పుస్తకాల పేర్లను వెతుకుదామంటే అవి రోమన్ లిపిలో. ‘శ్రీ’కి ఒక్కోచోట ఒక్కో స్పెల్లింగు, కొన్ని పేర్లలో సున్నా దగ్గర అపాస్ట్రఫీ గుర్తు.

చివరికి ఆ సైటు మూగబోయింది. ఈలోగా అమెరికాకు చెందిన కార్ల్ మాలముద్ బృందం నాలుగు లక్షలకు పైగా పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేర్చింది. ఇవాళ మనం చదువుతున్నది ఆ ప్రతులే. వాటి గుర్తింపు పేర్లు చూడండి: ఇన్, ఎర్నెట్, డీఎల్ఐ, 2015, ఆపైన ఒక సంఖ్య, మధ్యలో చుక్కలు. పోయిన సైటు చిరునామాను తిరగేసి సంకల్పం వరసలో రాశారు. ఇందులో డిస్కు పేరు లేదు, ఫోల్డరు లేదు, ఏ దిక్కుకూ వాలిన గీత లేదు. ఆర్కైవ్‌వాళ్లు సర్వర్లు ఎన్నిసార్లు మార్చుకున్నా పుస్తకం ఆ పేరుకే పలుకుతుంది.